థాయ్ పల్లెపాట: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం వినాలి?

పోయిన సంచికలో థాయ్‌లాండ్ పల్లెపాటల గురించి, వాటికి బయటి దేశాల్లో పెరుగుతున్న అభిమానుల గురించి ఒక పేజీ వేశాం. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపేసి, మిగతావాటికి జవాబులిస్తున్నాం.

ప్ర: రీల్స్‌ల ఒక థాయ్ పాట విని పడిపోయిన. వెతికితే ఒక దగ్గర లూక్ తుంగ్ అని ఉంటది, ఇంకో దగ్గర మోలమ్ అని ఉంటది. రెండూ ఒకటేనా? ఎక్కడి నుంచి షురూ చేయాలె?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జ: పుట్టుక వేరు. గత యాభై ఏళ్లలో బాగా కలిసిపోయాయి కాబట్టి ఇప్పటి పాట విని ఇది ఫలానా అని గీత గీయడం చాలాసార్లు కుదరదు.

లూక్ తుంగ్ మధ్య థాయ్‌లాండ్ వరి మైదానాల పాట. సుపన్ బురి ప్రాంతం దానికి పుట్టిల్లు లాంటిది. పాట మూడు నాలుగు నిమిషాలు ఉంటుంది, వరస ముందే కట్టి ఉంటుంది. వెనక ట్రంపెట్లు, అకార్డియన్, డ్రమ్ సెట్ ఉన్న పెద్ద బ్యాండు వాయిస్తుంది. ఆ పేరు 1964లో ఒక టీవీ కార్యక్రమంతో స్థిరపడింది. బ్యాంకాక్ నాజూకు పాటను లూక్ క్రుంగ్ అంటారు, అది మరో దారి.

మోలమ్ ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌ది. అక్కడి 20 జిల్లాల్లో ఎక్కువ మంది మాట్లాడేది లావోకు దగ్గరి భాష. పాత పద్ధతిలో ఒక ఆడ, ఒక మగ గాయకులు ఎదురెదురుగా నిలబడి తెల్లవార్లూ పద్యాలతో సవాలు జవాబు నడిపిస్తారు. తోడు ఒక్క ఖేన్ మాత్రమే, అంటే వెదురు గొట్టాల నోటి వాయిద్యం. ఇందులో వరస ముందుగా కట్టి ఉండదు. ఆ భాషలో మాట ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. గాయకుడు పద్యంలోని ఆ ఎత్తుపల్లాలను పట్టుకునే అప్పటికప్పుడు వరస అల్లుతాడు. అదే పద్యాన్ని ఇద్దరు పాడితే రెండు వరసలు వినిపించడానికి కారణం ఇదే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, విదేశీ అభిమానుల్లో చాలామంది తలుపు తీసింది పాత రికార్డుల సంకలనాలతో. 2010లో లండన్‌కు చెందిన సౌండ్‌వే సంస్థ 'సౌండ్ ఆఫ్ సయామ్' పేరుతో 1964–1975 నాటి పాటలను ఒక ఆల్బంగా తెచ్చింది. బ్యాంకాక్‌లో జుడ్‌రాంగ్‌మా రికార్డ్స్ నడిపే మాఫ్ట్ సాయ్, బ్రిటన్‌కు చెందిన క్రిస్ మెనిస్ట్ ఆ పాటలు ఏరారు. రెండో భాగం 2014లో వచ్చింది. మంచి పనే. అయితే డాన్స్ ఫ్లోర్ మీద పనికొచ్చే బేస్ గిటార్, గరగరలాడే గిటార్ ఉన్న పాటలకే అలాంటి సంకలనాల్లో పెద్దపీట దక్కుతుంది. వాటితోనే ఆగిపోతే థాయ్ పల్లెపాట 1975లో చచ్చిపోయిందనే అనుకుంటారు. అక్కడి జనం కట్టిపడిపోయేది గొంతుకు, మాటకు. బీటు ఆ తర్వాత సంగతి.

మా సలహా ఈ వరస. ముందు సురపోన్ సోంబత్‌చరోన్. లూక్ తుంగ్ రాజుగా పేరున్నవాడు, 1968 ఆగస్టు 16న కచేరీ ముగించుకుని బయల్దేరుతుండగా కాల్చి చంపారు. తర్వాత పుంపువాంగ్ డువాంగ్‌చన్. చదవడం, రాయడం రాదు. పాటలన్నీ విని కంఠస్థం చేసింది. 1980లలో లూక్ తుంగ్‌కు డిస్కో, ఎలక్ట్రానిక్ వాద్యాలు తోడైన మలుపులో ముందున్న గొంతు ఆమెదే. 1992లో లూపస్ జబ్బుతో పోయేనాటికి 31 ఏళ్లు కూడా నిండలేదు. ఆమె పాటలో ప్రతి పాదం చివర దీర్ఘం మీద చెవి పెట్టండి. స్వరం నిలబడదు, రెండు మూడు వణుకులు వణికి కిందికి జారుతుంది. ఆ వణుకును లూక్ ఖో అంటారు. అది లేకుండా ఎంత శ్రుతిగా పాడినా లూక్ తుంగ్ కాదంటారు. ఆ తర్వాత మోలమ్‌కు వచ్చి బన్‌యెన్ రాక్‌కేన్, చింతరా పూన్‌లాప్, సిరిపోన్ అంపైపోంగ్. చివరకు ఇప్పటి గొంతుల్లో తాయ్ ఓరతాయ్. ఒక్కొక్కరివి ఐదారు పాటలు వింటే చాలు, ఆ పాత సంకలనాలు అప్పుడు వేరేగా వినిపిస్తాయి.

ప్ర: పేర్లు ఇంగ్లిష్‌లో కొడితే యూట్యూబ్‌లో సగం పాటలు కూడా రావడం లేదు. థాయ్ లిపి రానివాళ్లకు దారి ఏమిటి?
– ప్రైవేటు ఉద్యోగి, కాజీపేట

జ: థాయ్ పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగు స్థిరంగా లేదు. మోలమ్ అన్న ఒక్క మాటనే నాలుగైదు రకాలుగా రాస్తున్నారు, మధ్యలో ఆర్ ఉంటుంది, ఉండదు, రెండు ముక్కలుగా విడిపోతుంది. కాబట్టి ఇలా చేయండి. గాయకుడి ఇంగ్లిష్ వికీపీడియా పేజీ తెరవండి. భాషల జాబితాలో థాయ్ నొక్కితే అదే పేజీ థాయ్‌లో వస్తుంది. పైన ఉన్న శీర్షికను కాపీ చేసి యూట్యూబ్‌లో అతికించండి. ఒక్కసారిగా వందల పాటలు పడతాయి. పాట నచ్చితే ఆ వీడియో శీర్షికను కూడా కాపీ చేసి ఫోన్‌లో నోట్స్‌లో పెట్టుకోండి. మళ్లీ వెతకడానికి అదే ఆధారం.

ఇంకో చిక్కు సంవత్సరాలది. థాయ్‌లాండ్‌లో బుద్ధశకం వాడతారు. రికార్డు అట్ట మీద, వీడియో కింద 2514 అని కనిపిస్తే అందులోంచి 543 తీసేయండి, 1971 వస్తుంది. ఒక్కోసారి చివరి రెండంకెలే వేస్తారు. '27' అని ఉంటే 2527, అంటే 1984. దాన్ని 1927 అనుకుని 'తొంభై ఏళ్ల నాటి అపురూప రికార్డు' అని అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

ప్ర: మోలమ్ వింటుంటే మన రాగాల ఛాయలు తోస్తున్నాయి. నిజంగా పోలిక ఉందా, నా భ్రమా?
– సంగీతం టీచర్, వరంగల్

జ: భ్రమ కాదండీ. ఖేన్ మీద వాయించే బాణీల పద్ధతిని లాయ్ అంటారు. అవన్నీ ఐదు స్వరాలవే, రెండు కుటుంబాలుగా ఉంటాయి. లాయ్ యాయ్‌లో స్వరాలు పాశ్చాత్య పేర్లతో ఎ, సి, డి, ఇ, జి. ఎ ను షడ్జమం చేసుకుంటే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. అంటే శుద్ధ ధన్యాసి. లాయ్ నోయ్ కూడా అదే మెట్టు, షడ్జమం డి కి మారుతుంది. రెండో కుటుంబంలో పెద్దది లాయ్ సుత్‌సనేన్. జి, ఎ, సి, డి, ఇ. జి దగ్గర షడ్జమం పెట్టి చూస్తే శుద్ధ సావేరి పలుకుతుంది. గమనించారా, లాయ్ యాయ్‌కీ సుత్‌సనేన్‌కీ స్వరాలు అవే ఐదు, మారింది ఆధార షడ్జమం. మీ విద్యార్థులకు గ్రహభేదం చెప్పడానికి ఇంతకంటే తేట ఉదాహరణ దొరకదు.

అయితే పోలిక మెట్ల వరకే. శుద్ధ ధన్యాసిలో మనం పెట్టే గమకం ఖేన్‌లో ఉండదు. రెండు మూడు గొట్టాలు ఒకేసారి మోగుతూ వెనక శ్రుతి, ముందు బాణీ కలిసి నడుస్తాయి. థాయ్ సంగీతంలో ఒక స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, ఏడు సమాన భాగాలు చేస్తారని పుస్తకాల్లో చదివి ఉంటారు. అది మధ్య థాయ్‌లాండ్ శాస్త్రీయ వాద్యబృందాల సంగతి. ఖేన్ శ్రుతి హార్మోనియానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఎదురుగా పెట్టుకుని నిక్షేపంగా పోల్చుకోవచ్చు.

ప్ర: అన్నా, నా దగ్గర మామూలు అకూస్టిక్ గిటార్ ఉంది. మోలమ్‌ల వినపడే ఆ పిన్ అనే తంత్రీ వాద్యం బాణీ దీని మీద పలికించొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్

జ: పలికించొచ్చు తమ్మీ. పిన్‌కు ఎక్కువగా మూడు తీగలు. వాటిని ఇ–ఎ–ఇ అని శ్రుతి చేసుకోవడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. గిటార్ మీద ఇలా చేయండి.

మొదటి తీగ ఇ ఎలాగూ ఉంది, ముట్టుకోవద్దు. రెండో తీగ బి ని రెండు అరస్వరాలు దించి ఎ చేయండి. మూడో తీగ జి ని మూడు అరస్వరాలు దించితే కింది ఇ వస్తుంది కానీ, అంత వదులైతే ఫ్రెట్లకు తగిలి జుర్రుమంటుంది. అందుకే మూడో తీగను పూర్తిగా తీసేసి, నాలుగో తీగ డి ని రెండు అరస్వరాలు పెంచి ఇ చేయడం మేలు. పాత, తుప్పు పట్టిన తీగ అయితే ఈ పెంపులో తెగుతుంది. కొత్తది వేసి, ముఖం పక్కకు పెట్టి తిప్పండి. మూడో తీగ లేకపోవడం వల్ల ప్లెక్ట్రమ్ ఆడడానికి చోటు కూడా దొరుకుతుంది. 5, 6 తీగలను అరచేయి అంచుతో ఆపి ఉంచండి.

ఇప్పుడు బాణీ అంతా మొదటి తీగ మీదనే, మెడ వెంట పైకి కిందికి జారుతూ. ఖాళీ తీగ ఇ, 3వ ఫ్రెట్ జి, 5లో ఎ, 8లో సి, 10లో డి, 12లో పై ఇ. ఇవే లాయ్ యాయ్ స్వరాలు. 1లో ఎఫ్, 7లో బి ఉంటాయి, వాటిని తగలనివ్వకండి, తగిలితే వెంటనే వేరే ఊరి పాట అయిపోతుంది. రెండో తీగ ఎ ను ఫ్రెట్ నొక్కకుండా ప్రతి మీటులోనూ మోగనివ్వాలి, అదే శ్రుతి. ముందు 5–8–10–12 ఎక్కి, 12–10–8–5–3–0 దిగి, మళ్లీ 5 మీదికి వచ్చి ఆగండి. పదం ముగిసేది 5 మీదే. 3 మీద ఆపితే మాట మధ్యలో మింగినట్టుంటుంది.

మెట్రోనోమ్ 70 దగ్గర, ఒక్కో దెబ్బకు రెండు మీట్లు. చేయి కుదిరాక నాలుగు. చాలామంది చేసే పొరపాటు మొదటిరోజే వేగం పెంచడం. అప్పుడు కుడిచేయి బిగుసుకుని శ్రుతి తీగ వినిపించడం మానేస్తుంది. రెండో పొరపాటు 8, 10 ఫ్రెట్ల దగ్గర గట్టిగా నొక్కడం. చవక గిటార్లలో అక్కడ తీగ ఎత్తుగా ఉంటుంది, గట్టిగా నొక్కితే స్వరం కొద్దిగా పైకి పోయి కింది ఎ తో గొడవ పడుతుంది. 12వ ఫ్రెట్ మీద నొక్కిన స్వరం, అక్కడే వేలు ఆనించి తీసిన హార్మోనిక్ ఒకటే పలుకుతున్నాయో లేదో ట్యూనర్‌తో చూసుకోండి. తేడా ఎక్కువుంటే రిపేరు దుకాణంలో తీగల ఎత్తు తగ్గించుకోండి.

ఎలక్ట్రిక్ గిటార్ దొరికితే ఫేజర్ అనే ఎఫెక్ట్ కొద్దిగా కలపండి. ఈసాన్ ఊరేగింపుల్లో, మన పెళ్లి బరాత్ ముందు డీజే బండి నడిచినట్టు, స్పీకర్లు కట్టిన బండి మీద ఎలక్ట్రిక్ పిన్ వాయించుకుంటూ పోతారు. అక్కడ వినిపించే సుడి తిరిగే ధ్వని ఈ ఫేజర్‌దే.

ప్ర: మా ఇంట్ల ఇద్దరు గల్ఫ్‌ల ఉన్నరు. వలస మీద వాళ్లకు కూడా పాటలున్నయా?
– గృహిణి, జగిత్యాల జిల్లా

జ: పల్లెపాటలో సగం అదేనమ్మా. ఈసాన్ నీళ్ల కరువు నేల. మొదట బ్యాంకాక్‌కు, 1980లలో లక్షల్లో సౌదీకి, తర్వాత తైవాన్ లాంటి చోట్లకు పోయారు. ఆ రోజుల్లోనే పింపా పోన్‌సిరి పాడిన పాట ఒకటి ఊరూరా మోగింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'సౌదీ పెండ్లాం కన్నీళ్లు'. కారబావ్ అనే రాక్ బ్యాండ్ సౌదీ పేరును ఈసాన్‌లోని ఉడోన్ పట్టణం పేరుతో అతికించి 'సా–ఉడోన్' అని ఇంకో పాట కట్టింది. ఇక పట్నంలో కూలీలు, ఫ్యాక్టరీ ఆడపిల్లల పాటలంటే సలా ఖునవుత్ పేరు చెప్పాలి. ఆయన ఒకప్పుడు బడిపంతులు. మైక్ పిరోంపోన్‌కు, తాయ్ ఓరతాయ్‌కు ఆయన రాసిన పాటల్లో అద్దె గది, ఇంటికి చేసే ఫోను, పంపే డబ్బు ఉంటాయి. తాయ్ ఓరతాయ్‌కు 2002లో పేరు తెచ్చిన పాట, కాంక్రీటు అడవిలో మొలిచిన గడ్డిపువ్వు అని. వీడియోల కింద ఆటోమేటిక్ అనువాదం పెట్టుకుంటే మాటకు మాట సరిగ్గా రాకున్నా కథ తెలిసిపోతుంది. ఈసాన్ మాండలికంలో పాడిన చోట మాత్రం యంత్రం తికమక పడుతుంది, దాన్ని నమ్మకండి.

ప్ర: క్రుఅంగ్‌బిన్ థాయ్ బ్యాండేనా?
– రామగుండం

జ: కాదు. పేరు థాయ్‌ది, మనుషులు అమెరికాలోని హ్యూస్టన్‌వాళ్లు. 1960–70ల థాయ్ పాటల ప్రభావం తమ మీద ఉందని వాళ్లే చెప్పుకుంటారు. అసలైన ఈసాన్ వాద్యాలు కొత్త తరహాలో కావాలంటే ప్యారడైజ్ బ్యాంకాక్ మోలమ్ ఇంటర్నేషనల్ బ్యాండ్ వినండి. అందులో పిన్, ఖేన్ వాయించేవాళ్లు చేయి తిరిగిన ఈసాన్ కళాకారులు.

ప్ర: ఖేన్ ఒకటి తెప్పించుకోవాలని ఉంది. మా ఎండలకు ఆగుతదా? పాత రికార్డులు కూడా కొనొచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, మంచిర్యాల

జ: ఎండే పెద్ద సమస్య సార్. మామూలు ఖేన్‌లో ఎనిమిది జతలు, మొత్తం 16 వెదురు గొట్టాలు ఒక చెక్క గిన్నెలో గుచ్చి ఉంటాయి. గొట్టానికీ గిన్నెకూ మధ్య సందులను నల్లటి పురుగుమైనంతో మూస్తారు. మే నెలలో మూసిన కారులోనో రేకుల గది అటక మీదనో పెడితే అది మెత్తబడుతుంది, గాలి కారుతుంది. కారడం మొదలైతే ఎంత ఊదినా అన్ని స్వరాలూ నీరసంగా వస్తాయి. గుడ్డ సంచిలో, ఇంట్లో చల్లని మూల గోడకు నిలువుగా ఆనించి ఉంచండి.

కొనేటప్పుడు పరీక్ష సులువు. ప్రతి గొట్టానికీ వేలితో మూసే రంధ్రం ఉంటుంది. రంధ్రం మూస్తేనే ఆ గొట్టం పలుకుతుంది, తెరిస్తే మూగ. ఒక్కొక్కటే మూసి మెల్లగా ఊది, అలాగే లోపలికి పీల్చి చూడండి. రెండు వైపులా ఒకే స్వరం రావాలి. ఊదితే వచ్చి పీలిస్తే రాకపోతే లోపలి లోహపు రేకులో లోపం ఉన్నట్టు. సూదితో గోకకండి, ఆ పలచని రేకు వంగితే శ్రుతి మళ్లీ రాదు. శ్రుతి మార్చుకునే వీలు లేని వాద్యం ఇది. అందుకని ఆర్డరు పెట్టేటప్పుడే ఎ మైనర్ అని అడగండి, పైన గిటార్‌కు చెప్పిన పాఠంతో కలిసిపోతుంది. వెనక శ్రుతి ఆగకుండా మోగాలంటే ఒక రంధ్రం మీద చిటికెడు మైనం ముద్ద అంటిస్తే చాలు, ఆ గొట్టం తనంతట తానే మోగుతూ ఉంటుంది. వాయించడం అయ్యాక ముద్ద తీసేయండి.

రికార్డుల విషయంలో చేయి కాస్త బిగపట్టండి. ఆ కాలపు పాటలు ఎక్కువగా ఏడంగుళాల 45 స్పీడు రికార్డుల మీద వచ్చాయి. అక్కడి తేమకు బూజు, జూక్‌బాక్సులకు అరిగిపోవడం మామూలే. బూజు కడిగితే పోతుంది, అరుగుదల పోదు. అమ్మేవాళ్లు పెట్టే ఫొటోలో మెరుపు చూసి మోసపోకుండా, ఒక నిమిషం వాయించి పంపమనండి. పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపితే రికార్డు ధరను మించిపోతుంది. పాట కోసమైతే కొత్తగా అచ్చు వేసిన సంకలనాలే నయం.

ప్ర: ఒక్కసారి అక్కడికి పోయి రాత్రంతా జరిగే మోలమ్ చూడాలని దోస్తులం అనుకుంటున్నం. ఎప్పుడు పోవాలె, ఏం చూసుకోవాలె?
– పెద్దపల్లి

జ: వానాకాలంలో పోకండి. బౌద్ధ భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసం చాలా ఏళ్లలో మన ఆషాఢ పౌర్ణమి మర్నాడు మొదలై ఆశ్వయుజ పౌర్ణమికి ముగుస్తుంది. ఆ మూడు నెలలు పెద్ద బృందాలు ఆటలు ఆపి కొత్త ప్రదర్శన సిద్ధం చేసుకుంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఈసాన్‌లోని ఖోన్ కేన్ పట్టణాన్ని మకాంగా పెట్టుకోండి. బ్యాంకాక్‌కు సుమారు 450 కిలోమీటర్లు, రైలు, బస్సు, విమానం మూడూ ఉన్నాయి. రబియప్ వాతసిన్, సియాంగ్ ఈసాన్ లాంటి పెద్ద బృందాలు నెల నెలా ఏ రోజు ఏ ఊళ్లో ఆటో ఫేస్‌బుక్ పేజీల్లో పెడతాయి. ఆ పట్టికను అనువదించుకుని, ఊరి పేరు మ్యాపులో పెట్టి దూరం చూసుకున్నాకే గది బుక్ చేయండి. చాలా ఆటలు పట్టణానికి దూరంగా, గుడి ఆవరణలోనో కోసిన పొలంలోనో జరుగుతాయి. తెల్లవారుజామున తిరిగి రావడానికి బండి దొరకదు, డ్రైవరును రాత్రికి ముందే మాట్లాడుకోవాలి.

ఎవరైనా మొక్కుకో, వేడుకకో డబ్బు కట్టి ఆడిస్తే ప్రవేశం ఉచితం. గుడ్డ దడి కట్టి ఉంటే టికెట్టు. ఆట రాత్రి తొమ్మిది ప్రాంతంలో మొదలవుతుంది. ముందు ఈకల కిరీటాలు పెట్టుకున్న డాన్సర్లతో పాటలు, తర్వాత హాస్యం, అర్ధరాత్రి దాటాక కథ. తెల్లవారే ముందు మళ్లీ జోరు పాటలు. విదేశీయులు చాలామంది పన్నెండుకే లేచిపోతారు. కథలోని అసలు మోలమ్ గానం వినాలంటే ఆ తర్వాతే ఉండాలి. చాప, పల్చటి దుప్పటి, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులు తీసుకుపోండి. డిసెంబరు, జనవరిలో ఈసాన్ రాత్రులు చలి. స్పీకర్ల గోడకు కనీసం 30 మీటర్ల దూరంలో కూర్చోండి.

నచ్చిన గాయకులకు దండ వేయడం, అందులో నోట్లు గుచ్చడం అక్కడి మర్యాద. 20 బాత్‌ల నోట్లు విడిగా ఉంచుకోండి. నోటు కింద పడితే కాలుతో ఆపకండి. దాని మీద రాజు బొమ్మ ఉంటుంది, అక్కడ అది పెద్ద అపరాధం. రాజగీతం వినిపిస్తే అందరితోపాటు లేచి నిలబడండి.

పుంపువాంగ్ అభిమానులైతే సుపన్ బురి జిల్లా సోంగ్ పీ నోంగ్‌లోని వాట్ తప్ క్రదాన్ గుడికి వెళ్లండి. అక్కడ ఆమె విగ్రహాలున్నాయి, భక్తులు తెచ్చిచ్చిన దుస్తులున్నాయి. లాటరీ నంబరు అడగడానికి వచ్చేవాళ్లు పాట కోసం వచ్చేవాళ్లకంటే తక్కువేం కాదు. జూన్ 13 ఆమె వర్ధంతి, ఆ రోజుల్లో అక్కడ పాటలు, జాతర. ఖోన్ కేన్‌కు ఇది పూర్తిగా వేరే దిక్కు, బ్యాంకాక్ నుంచే వెళ్లిరావాలి.

వీసా నియమాలు మారుతూ ఉంటాయి, టికెట్టు కొనే ముందే ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.